నిప్పు అంటుకుంటే తప్ప పని మొదలుకాని నాయకులకు ఏడీహెచ్‌డీ తెలిసిన కోచ్ ఏం చేయగలరు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 200 మంది పనిచేసే కంపెనీ నడుపుతున్నారు. 41వ ఏట ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, తొందరపాటును ఆపుకోవడం కష్టమయ్యే మెదడు సంబంధిత స్థితి) అని తేలింది. సర్వర్లు పడిపోయినా, పెద్ద క్లయింట్ వెళ్లిపోతానన్నా అందరికంటే నిబ్బరంగా ఉండేది మీరే. బోర్డుకు పంపాల్సిన నోట్, సీనియర్ల వార్షిక సమీక్షలు, వచ్చే ఏడాది బడ్జెట్ మాత్రం ఆఖరి రాత్రి దాకా ముట్టుకోలేకపోతున్నారు. ఆ మర్నాడు మీటింగులో ఎవరైనా చిన్న ప్రశ్న అడిగినా విరుచుకుపడుతున్నారు. బోర్డు చైర్మన్ కోచ్‌ని పెట్టుకోమన్నారు. ఇదివరకు ఒక కోచ్ దగ్గర ఆరు నెలలు కూర్చున్నా ఏమీ మారలేదు. ఏడీహెచ్‌డీ తెలిసినవాళ్లయితే తేడా ఉంటుందా, ఒత్తిడిలో నిజంగా పనికొస్తుందా, ఈ విషయం బోర్డుకు చెప్పాలా అన్నది మీ సందేహం.

నేను కంపెనీ అధిపతులతో, అందులోనూ ఎక్కువగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లతో చాలా ఏళ్లుగా కోచ్‌గా పనిచేస్తున్నాను. పనికొస్తుందనే చెబుతాను. అయితే మీకు సహాయం కావాల్సింది సంక్షోభం వచ్చిన రోజున కాదు, ఏ గొడవా లేకుండా గడిచిపోయే ఆ ముందు మూడు వారాల్లో. మంచి కోచ్ తన సమయంలో ఎక్కువ భాగం అక్కడే పెడతారు.

ఎందుకో చెప్పాలంటే, ఒత్తిడి అని మనం ఒకే మాటతో పిలిచేదాంట్లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి మండే ఒత్తిడి. సర్వర్ పడిపోయింది, కస్టమర్లు ఫోన్లు చేస్తున్నారు, పావుగంటలో ఏదో ఒకటి తేల్చాలి. ఇక్కడ ఏం చేయాలో పరిస్థితే చెబుతుంది, చేసినదాని ఫలితం వెంటనే కనిపిస్తుంది, చుట్టూ పదిమంది ఉంటారు, ప్రతి నిమిషం కొత్తగా ఉంటుంది. రెండోది నానే ఒత్తిడి. బోర్డు నోట్‌కి ఇంకా 20 రోజులుంది. ఎవరూ అడగరు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. ఈరోజు రాయకపోతే ఈరోజు ఏమీ జరగదు. కానీ ఆ పని మనసులో ఎక్కడో ఒక మూల కూర్చుని రోజంతా గుచ్చుతూనే ఉంటుంది. మొదటిదాంట్లో మెరిసే మనిషి రెండోదాంట్లో కూలబడిపోతాడు. చూసేవాళ్లకి ఇది బద్ధకంలాగో, నిర్లక్ష్యంలాగో కనిపిస్తుంది. మీకే అలా అనిపించి ఎన్నోసార్లు మిమ్మల్ని మీరు తిట్టుకుని ఉంటారు.

మెదడు వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. ప్లాన్ వేయడం, మాట ఆపుకోవడం, దృష్టి నిలపడం లాంటివన్నీ నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద ఆధారపడతాయి. అది సరిగ్గా పనిచేయాలంటే డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు తగు మోతాదులో అందాలి. తక్కువైనా చిక్కే, ఎక్కువైనా చిక్కే. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధన ఈ సంగతి మీదే. ఉత్సాహం ఓ స్థాయి వరకు పెరిగితే పని మెరుగై, దాటితే పాడవుతుందన్న గమనిక ఇంకా పాతది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఏడీహెచ్‌డీలో ఈ రసాయనాల వ్యవస్థ పనితీరు కాస్త వేరుగా ఉంటుందని, మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు పనిచేసేది కూడా ఈ దారిలోనేనని మీ డాక్టర్ చెప్పే ఉంటారు. ప్రశాంతంగా ఉన్న రోజున మీ ఇంజిను స్టార్ట్ కావడానికి కావలసినంత అందదు. సంక్షోభం వస్తే సరిగ్గా మధ్యలోకి వస్తారు. ఆఖరి రాత్రి నిద్ర లేకుండా, భయంతో గడిపాక మోతాదు దాటిపోతుంది. అప్పుడే మర్నాటి మీటింగులో ఆ విరుచుకుపడటం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఏళ్ల తరబడి ఈ అనుభవం చూసి చూసి, ఏడీహెచ్‌డీ ఉన్న నాయకులు తెలియకుండానే ఒక పద్ధతికి అలవాటుపడతారు. భయాన్నే పెట్రోలుగా వాడతారు. డెడ్‌లైన్ మెడ మీదికొచ్చేదాకా ఆగడం, ఒకేసారి మూడు పెద్ద పనులు ఒప్పుకోవడం, అంతా సర్దుకుంటున్న సమయంలో కొత్త ప్రాజెక్టు ఎత్తుకోవడం ఇందులో భాగమే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉన్నా, బావి ప్రతిసారీ పడుతోంది కాబట్టి పద్ధతి మారదు. ఒక్కరే ఉద్యోగి అయితే ఆ బాధ ఆ ఒక్కరిదే. అధిపతి అయితే మాత్రం మూల్యం కింది వాళ్లు చెల్లిస్తారు. రాత్రి 11కి మీరు అంకెలు అడిగితే ఫైనాన్స్ హెడ్ ఇంట్లో భోజనం మధ్యలో లేవాలి. మీరు నిప్పు ఉంటేనే మెరుస్తారని టీమ్‌కి అర్థమైతే, మీ దృష్టి కావాలన్న ప్రతి విషయాన్నీ వాళ్లు నిప్పులాగే తెస్తారు. ఆ స్థితికి వచ్చిన కంపెనీలను నేను చూశాను. అక్కడ అర్జెంటు కాని పనంటూ ఉండదు, మంచి మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతారు.

కాబట్టి ఒత్తిడిలో ఇంకా బాగా పనిచేయడం నేర్పించమని కోచ్‌ని అడిగితే సగమే అడిగినట్టు. ఒత్తిడి లేకుండానే పని మొదలయ్యే ఏర్పాటు చేసుకోవడం, నిజమైన ఒత్తిడి వచ్చినప్పుడు మోతాదు దాటకుండా ఉండటం, ఈ రెండూ కలిపి అడగాలి.

మీ పాత కోచ్ దగ్గర ఏమీ మారలేదన్నారు. ఆయన చెడ్డ కోచ్ అయి ఉండాల్సిన పనేమీ లేదు. మామూలు లీడర్‌షిప్ కోచింగ్ ఒక నమ్మకం మీద నడుస్తుంది: మనిషికి విషయం స్పష్టమైతే, లక్ష్యం తనే పెట్టుకుంటే, ఇక చేసేస్తాడు. చాలామంది విషయంలో అది నిజం కూడా. ఏడీహెచ్‌డీ మీద జీవితమంతా పనిచేసిన రస్సెల్ బార్క్‌లీ పదే పదే చెప్పేది దీనికి ఎదురు. సమస్య ఏం చేయాలో తెలియకపోవడంలో లేదు, తెలిసింది చేయాల్సిన చోట, చేయాల్సిన వేళకి చేయలేకపోవడంలో ఉంది అంటారాయన. ఇది ఒప్పుకుంటే కోచింగ్ రూపమే మారిపోతుంది. నెలకోసారి గంటన్నర లోతైన సంభాషణ మీకు హాయిగా ఉంటుంది, బయటికొచ్చిన మూడో రోజుకి దాని ఆనవాలు ఉండదు. వారానికోసారి అరగంట, మధ్యలో ఒకటి రెండు చిన్న మెసేజ్‌లు, పని జరిగే చోటే ఉండే గుర్తులు మీకు ఎక్కువ పనికొస్తాయి.

ఒక సెషన్ ఎలా ఉంటుందో చూపిస్తాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. ఒక తయారీ కంపెనీ అధిపతి, ఇన్వెస్టర్లకు ఆరు పేజీల నోట్ రాయాలి. రెండు వారాలుగా మా మాటల్లో అది వస్తూనే ఉంది. ఆ రోజు నేను దాని గురించి మాట్లాడటం మానేసి, ఫైల్ తెరవమన్నాను. తెరిచారు. ఫైలుకి పేరు తప్ప లోపల ఏమీ లేదు. మొదటి వాక్యం రాయొద్దని చెప్పి, ఈ నోట్ పూర్తి కావడానికి మీ దగ్గర లేనిదేంటి అని అడిగాను. కాసేపు ఆలోచించి, గత త్రైమాసికం మార్జిన్, ఆగిపోయిన రెండు ఆర్డర్ల విలువ, కొత్త మెషీన్ ఎప్పుడొస్తుందన్న తేదీ అన్నారు. ఆ మూడూ ఎవరి దగ్గరున్నాయి? ఫైనాన్స్ హెడ్ దగ్గర. అయితే ఇప్పుడే మెసేజ్ పెట్టండి, నేను లైన్లోనే ఉంటాను అన్నాను. పెట్టారు. పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. రెండు వారాలుగా కదలనిది అదే.

తర్వాత ఆ నోట్‌లో ఏం చెప్పాలనుకుంటున్నారో నాకు నోటితో చెప్పమన్నాను. ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ గడగడా చెప్పేశారు. రాతకు కూర్చుంటే బిగుసుకుపోయే మనిషి, మాట్లాడేటప్పుడు చక్కటి వరుసలో చెబుతారు. ఆ రికార్డింగే మొదటి డ్రాఫ్టు. ఆఖరున, గురువారం సాయంత్రం 4 గంటలకు ఆ చిత్తు ప్రతి మీద మాట్లాడటానికి తన సహచరుడితో అరగంట మీటింగు క్యాలెండర్లో పెట్టించాను. చిత్తు ప్రతి పంపడానికి గడువు పెట్టలేదు గమనించండి. ఎదుటి మనిషి వచ్చి కూర్చునే గడువు పెట్టాం. తనకు తాను పెట్టుకున్న తేదీని ఆ మనిషి లెక్కచేయరు, ఇంకొకరు ఎదురుచూస్తున్నారంటే మాత్రం తప్పరు. ఆ గురువారానికి చిత్తు ప్రతి సగమే తయారైంది, అయినా ఇద్దరూ కూర్చుని మిగతా సగం పూర్తిచేశారు.

ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. పని మొదలుపెట్టడానికి మెదడు లోపల దొరకని ఊపు బయటి నుంచి ఇచ్చాం. ఇంకో మనిషి పక్కనుండటం, పనిని చేతితో చేసే మొదటి కదలికగా కుదించడం, దూరంగా ఉన్న పెద్ద గడువును దగ్గర్లోని చిన్న గడువులుగా మార్చడం. కొంతకాలానికి ఈ ఊపు కోచ్ నుంచి కాకుండా ఆఫీసులోని ఏర్పాట్ల నుంచి రావాలి. ఏడాది తర్వాత కూడా కోచ్ ఫోన్‌లో ఉంటేనే ఫైల్ తెరుచుకుంటోందంటే ఆ కోచింగ్ సరిగ్గా జరగనట్టే.

ఇక మండే ఒత్తిడి సంగతి. మీరు నిబ్బరంగా ఉంటారన్నది నిజమే కావచ్చు, కానీ నిబ్బరం వేరు, మంచి నిర్ణయం వేరు. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగల విషయాలు మామూలుగానే నాలుగుకి మించవని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ వర్కింగ్ మెమరీ ఇంకా బలహీనం, టెన్షన్ దాన్ని ఇంకాస్త కుదిస్తుంది. అందుకే సంక్షోభం మధ్యలో చివరగా మాట్లాడిన మనిషి వాదన అన్నిటికంటే గట్టిగా అనిపిస్తుంది, గంట క్రితం అనుకున్న ముఖ్యమైన అభ్యంతరం గాల్లో కలిసిపోతుంది. దీనికి మందు రాసి పెట్టుకోవడమే. సంక్షోభం మీటింగు మొదలవగానే గోడ మీద బోర్డుపై మూడు విషయాలు రాసి ఉంచమంటాను: ఇప్పుడు తేల్చాల్సింది ఏంటి, మనకు ఖచ్చితంగా తెలిసింది ఏంటి, మళ్లీ ఎప్పుడు కలుస్తాం. రాసేది మీరు కాదు, ఇంకొకరు. మీరు రాస్తే మధ్యలో ఆపేస్తారు.

దీనికి తోడు, ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒక చిన్న పట్టీ రాసి పెట్టుకోవాలి: అదే రోజున తీసుకోకూడని నిర్ణయాలు. మనిషిని తీసేయడం, ధర తగ్గించడం, కాంట్రాక్టు రద్దు చేయడం, బహిరంగ ప్రకటన ఇవ్వడం లాంటివి, అంటే వెనక్కి తీసుకోలేనివి లేదా తీసుకుంటే చాలా ఖరీదయ్యేవి. ఒక రాత్రి గడవనిదే వీటి మీద సంతకం ఉండదు. నిజంగానే ఆగడానికి వీల్లేని పరిస్థితి వస్తే, పేరు రాసిపెట్టిన ఇంకో ఇద్దరు సరేనంటేనే. మీ సీనియర్ టీమ్‌లో ఒకరికి, ఇది ఆ పట్టీలో ఉందండీ అని మీ మొహం మీద చెప్పే హక్కు ముందే ఇచ్చి ఉండాలి, అదీ అందరి ముందు ఇవ్వాలి. వేడిలో ఉన్నప్పుడు కొత్త నియమం ఎవరూ పెట్టలేరు, ముందే ఉన్నదాన్ని గుర్తు చేయగలరు.

మాట ఇచ్చేయడం ఇంకో చిక్కు. క్లయింట్ ఎదురుగా కూర్చుని ఎప్పుడిస్తారు అంటే, శుక్రవారానికి అయిపోతుంది అని నోటి నుంచి వచ్చేస్తుంది. అబద్ధం చెప్పాలని కాదు, ఆ క్షణంలో అది నిజంగానే సాధ్యమనిపిస్తుంది. పనికి ఎంతసేపు పడుతుందన్న అంచనా ఏడీహెచ్‌డీలో తరచూ తప్పుతుంది, ఎదుటివాళ్లని సంతోషపెట్టాలన్న ఆరాటం దానికి తోడవుతుంది. ఇలాంటి చోట ఒక్క వాక్యం కంఠస్థం చేయిస్తాను: ‘రేపు 11 గంటలకు తేదీ చెబుతాను.’ ఇది చెప్పి, మీటింగులో కూర్చునే క్యాలెండర్లో వేసుకోవాలి.

ఈ రకం ఏర్పాటుకి వెనక మంచి పరిశోధన ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసం తర్వాత ఇది బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది. ‘నేను ఇకనుంచి ఓపిగ్గా ఉంటాను’ లాంటి సంకల్పం కంటే ‘ఫలానాది జరిగితే, నేను ఫలానాది చేస్తాను’ అని ముందే ముడిపెట్టి ఉంచినది ఎక్కువగా అమలవుతుంది. మీ మీటింగు కోపానికి ఇదే వాడతాను.

కోపం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిని సిగ్గుపడేలా చేసేది ఇదే. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన, మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకంలో చిరాకు, ఓర్పు తక్కువగా ఉండటం, మూడ్ చప్పున మారిపోవడం ఏడీహెచ్‌డీతో పాటు కనిపించే లక్షణాలుగా ఉన్నాయి. రోగనిర్ధారణకు లెక్కించే లక్షణాల్లో మాత్రం లేవు. అందుకే చాలామంది దీన్ని తమ గుణంలోని లోపం అనుకుంటారు, జబ్బుతో సంబంధం ఉందని తెలియదు. విమర్శ తగిలినప్పుడు ఒళ్లు భగ్గుమనడాన్ని ఇంటర్నెట్లో రకరకాల పేర్లతో పిలుస్తున్నారు. అవి వైద్యపరమైన నిర్ధారణలు కావు, కానీ ఆ అనుభవం నిజమైనదే.

సెషన్లో మేం చేసేదిలా ఉంటుంది. ముందు, పేలడానికి సరిగ్గా ముందు ఏం జరుగుతుందో వెతుకుతాం. ఒకరికి మెడ వేడెక్కుతుంది. ఒకరు పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తారు. చాలామందిలో నేను గమనించే గుర్తు, ఎదుటి మనిషి ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు మొదలుపెట్టడం. ఆ గుర్తుకి ఒక పని ముడిపెడతాం: ప్రశ్న పూర్తికాకుండానే నా నోరు తెరుచుకుంటే, ఆ ప్రశ్నను కాగితం మీద పూర్తిగా రాసుకుంటాను. రాయడానికి పట్టే ఆ కొద్ది క్షణాలు చాలు, నోట్లోంచి వచ్చేది మారుతుంది. ఆ తర్వాత నేను ఫైనాన్స్ హెడ్‌గా మారి, ఎదురుగా ఉన్న నాయకుణ్ణి అన్నిటికంటే ఎక్కువ మండించే ప్రశ్నను అదే గొంతుతో అడుగుతాను: ‘పోయిన నెల కూడా ఇలాగే చెప్పారు కదండీ?’ మొదటిసారి పెన్ను ముట్టుకోరు. మళ్లీ అడుగుతాను. చేతికి అలవాటు కావాలి, బుర్రకి అర్థమైతే చాలదు. మీటింగుకి తీసుకెళ్లే నోట్‌బుక్ పైన ఒక చిన్న గుర్తు పెట్టుకోమంటాను, కళ్లెదుట లేనిది గుర్తుండదు కాబట్టి.

అయినా ఎప్పుడో ఒకసారి పేలుతుంది. అప్పుడు అదే రోజున ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ‘పొద్దున నేను మాట్లాడిన తీరు బాగాలేదు, మీరు అడిగింది సరైన ప్రశ్నే, దానికి జవాబు ఇదీ’ అని చెప్పాలి. ఏడీహెచ్‌డీ ప్రస్తావన అక్కర్లేదు. జబ్బు పేరు చెబితే క్షమాపణ కాస్తా సంజాయిషీ అయిపోతుంది.

టీమ్ గురించి ఒక మాట. ఏడీహెచ్‌డీ ఉన్న నాయకులకు పక్కన వివరాలు చూసుకునే మనిషి ఉండటం పెద్ద అండ. కానీ చాలాచోట్ల ఆ పాత్ర ఎవరికీ చెప్పకుండానే ఒక సెక్రటరీ మీదో, ఎదురు చెప్పలేని ఒక జూనియర్ మీదో పడుతుంది. వాళ్లు మీ బదులు గుర్తుంచుకుంటారు, మీ బదులు సర్ది చెబుతారు, ఆ పనికి పేరూ ఉండదు, జీతమూ పెరగదు. అది అన్యాయం. ఆ పనిని ఉద్యోగ వివరణలో రాయండి, దానికి తగిన హోదా ఇవ్వండి, మీరు ఒప్పుకున్న ప్రతిదాన్నీ రోజూ 15 నిమిషాలు ఆ మనిషితో కూర్చుని సరిచూసుకోండి.

వైద్యం సంగతి తప్పనిసరిగా చెప్పాలి. కోచింగ్ చికిత్స కాదు. ఏడీహెచ్‌డీని నిర్ధారించేది సైకియాట్రిస్టు లేదా ఆ అర్హత ఉన్న నిపుణులు. 17 ఏళ్లు నిండినవాళ్లలో, దృష్టి నిలవకపోవడం, అతి చురుకుదనం-తొందరపాటు అనే రెండు వర్గాల్లో ఒకదానిలోనైనా కనీసం 5 లక్షణాలు ఉండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి, ఒకటికి మించిన చోట్ల ఇబ్బంది పెడుతూ ఉండాలి. మీకు నిర్ధారణ అయింది కాబట్టి సరే. ఇది చదివి తమకూ ఉందేమో అనుకునే ఇతరులు గుర్తుంచుకోవాల్సింది, నిద్రలో శ్వాస ఆగే సమస్య, థైరాయిడ్, ఆందోళన, డిప్రెషన్, ఊపిరి సలపని పని కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. ఏడీహెచ్‌డీతో పాటు ఆందోళన, డిప్రెషన్ ఉండటమూ మామూలే. అలాంటప్పుడు కోచ్ ఒక్కరే చాలరు.

పరిశోధన పరంగా కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీలో మందులకు ఆధారం గట్టిగా ఉంది. ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే మానసిక చికిత్స సీబీటీకీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) ఉంది. స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో, మందులు వాడుతున్నా ఇంకా ఇబ్బందులున్న 86 మంది మీద చేసిన అధ్యయనంలో సీబీటీ తీసుకున్నవాళ్లు రిలాక్సేషన్ నేర్చుకున్నవాళ్ల కంటే మెరుగయ్యారు. కోచింగ్ మీద అధ్యయనాలు చిన్నవి, ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీద చేసినవి. కంపెనీ అధిపతుల విషయంలో నేను చెప్పేదానికి ఆధారం ప్రధానంగా ఆచరణలో చూసిన అనుభవమే. మంచి కోచ్ వాడే పద్ధతులు చాలావరకు సీబీటీలోని క్యాలెండరు, పనిని ముక్కలు చేయడం, ముందస్తు ప్లాన్ లాంటివే అన్నది నాకు ధైర్యం.

మందులు వాడుతుంటే, వాటి ప్రభావం ఎన్ని గంటలకు తగ్గుతోందో ఒక వారం రాసుకుని డాక్టర్‌తో మాట్లాడండి. కష్టమైన సంభాషణలన్నీ సాయంత్రం 6కి పెట్టుకుని, ఆ వేళకే ఎందుకు చిరాకు వస్తోందని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. మీటింగు వేళ మారిస్తే సగం గొడవ తగ్గుతుంది. నిద్ర గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆఖరి రాత్రి మేలుకోవడం మానితే మిగతా చాలా కుదుటపడతాయి.

ఏడీహెచ్‌డీ ఒక వరం, ఒక అద్భుత శక్తి అని చెప్పే కోచ్‌లు కనిపిస్తారు. దూరంగా ఉండండి. జెట్‌బ్లూ విమానయాన సంస్థను స్థాపించిన డేవిడ్ నీల్‌మన్ తనకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టు బహిరంగంగా చెప్పారు. కొత్తగా ఆలోచించడం, సాహసం చేయగలగడం దాంతో వచ్చాయంటూనే, క్రమం లేకపోవడం, పనులు వాయిదా వేయడం కూడా దాంతోనే వచ్చాయన్నారు. రెండూ ఒప్పుకునే మనిషితోనే పని సాగుతుంది. జబ్బుని వరమని నమ్మిన నాయకుడు చివరికి తన కింద పనిచేసేవాళ్ల బాధను వినడం మానేస్తాడు.

కోచ్‌ని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఈ వృత్తికి డాక్టర్లకున్నట్టు లైసెన్సు ఉండదు, ఎవరైనా బోర్డు తగిలించుకోవచ్చు. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే సర్టిఫికెట్లు కోచింగ్ శిక్షణకు గుర్తు, ఏడీహెచ్‌డీ పరిజ్ఞానానికి కావు. రెండోదాన్ని విడిగా అడగాలి. మొదటి సంభాషణలోనే, ‘ఒప్పుకున్న పని నేను వరసగా మూడు వారాలు చేయకపోతే మీరు ఏం చేస్తారు?’ అని అడగండి. మీ నిబద్ధత గురించి మాట్లాడతామంటే ఆ కోచ్ మీకు సరిపడరు. పని పరిమాణం తగ్గిస్తాం, గుర్తుచేసే పద్ధతి మారుస్తాం, సెషన్లోనే చేయిస్తాం అంటే కొంత తెలిసినవాళ్లే. ఏ పరిస్థితుల్లో డాక్టర్ దగ్గరికి పంపుతారో, మీరు చెప్పినదాంట్లో చైర్మన్‌కి ఏం చేరుతుందో కూడా అడగండి. ఫీజు కంపెనీ కడుతుంటే ఈ ఆఖరి సంగతి కాగితం మీద ఉండాలి: సెషన్లకు వచ్చారా లేదా, లక్ష్యాలు ఏంటి అన్నంత వరకే చైర్మన్‌కి, మిగతాది మీ ఇద్దరి మధ్యే.

ఫలితం ఉందో లేదో మీ మనసుకు ఎలా ఉందన్నదాన్ని బట్టి తేల్చకండి, అది రోజుకోలా ఉంటుంది. మూడు నెలల తర్వాత చూడాల్సినవి వేరే ఉన్నాయి. బోర్డు నోట్ మీటింగుకి ఎన్ని రోజుల ముందు వెళ్లింది? రాత్రి 9 తర్వాత టీమ్‌కి మీరు పంపిన మెసేజ్‌లు తగ్గాయా? ఇచ్చిన తేదీల్లో ఎన్ని నిలబెట్టుకున్నారు? మీ ఫైనాన్స్ హెడ్ చెడ్డ వార్తను ఇదివరకటి కంటే ముందుగా తెస్తున్నారా? నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. కొత్త పద్ధతులు మొదట్లో బాగా పనిచేసి, కొత్తదనం పోగానే పాతబడతాయి. అది వైఫల్యం కాదు, ఏడీహెచ్‌డీలో అలాగే జరుగుతుంది. కోచ్ దాన్ని ముందే ఊహించి, గుర్తులూ పద్ధతులూ ఎప్పటికప్పుడు మారుస్తుండాలి.

ఇక బోర్డుకు చెప్పాలా అన్నది. మీ వైద్య సమాచారం మీది, చట్టాలు దేశానికొకలా ఉంటాయి, కాబట్టి ఏడీహెచ్‌డీ అన్న మాట పలికే ముందు అక్కడి ఉపాధి చట్టం తెలిసిన లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. నా అభిప్రాయంలో తొలి అడుగుగా జబ్బు పేరు చెప్పాల్సిన పనిలేదు, మీకు కావలసిన ఏర్పాటు అడిగితే చాలు. చైర్మన్‌తో ఇలా అనొచ్చు: ‘కోచ్‌తో మొదలుపెడుతున్నాను. నా సమస్య బోర్డు నోట్ ఆఖరి నిమిషానికి రావడం. ఇకనుంచి మీటింగుకి 10 రోజుల ముందు, సగం తయారైన ప్రతితో మీతో 20 నిమిషాలు కూర్చుంటాను. అది సగమే ఉంటుంది, దయచేసి అలాగే చూడండి.’ నాకు తెలిసినంతలో దీన్ని కాదనే చైర్మన్లు తక్కువ. ఆయన సరే అనగానే, గది దాటకముందే ఆ 20 నిమిషాలను ఇద్దరి క్యాలెండర్లలోనూ పెట్టించండి.